తలుపు వెనక పసుపు కాగితం

మన ఆఫీసు గది, టైలరు దుకాణం పైన
ఆదివారం, ఎన్నికకు ఏడు వారాల ముందు

ఒరే తమ్ముడూ,

ఉత్తరమేమిటని విస్తుపోకు. ఫోన్‌లో నేను రెండు ముక్కలు చెప్పేలోపు నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అంటూ మూడో ముక్క మింగేస్తున్నావు. కాగితం మీదైతే నా మాటకు అడ్డు రాలేవు. శాసనసభ సాగినన్నాళ్ళూ ఇలాగే రాస్తాను. నువ్వూ రాయాలి. స్తంభాలెక్కి తీగలు బిగించిన చేతులకు కలం బరువేం కాదు.

నిన్న శనివారం మన అర్జీల బల్ల దగ్గరకు ముప్పై నలుగురు వచ్చారు. ఇద్దరికి పింఛను కాగితాలు నింపిపెట్టాను. ఒకాయన నీటి గొట్టం గురించి గంటసేపు చెప్పి, చివరికి తన అల్లుడి గురించి ఏడ్చి వెళ్ళాడు. మన వీధి దీపం మళ్ళీ ఆరిపోయింది. "కరెంటు స్తంభాలెక్కినవాడు ఎమ్మెల్యే అయితే మా వీధికే చీకటా అమ్మా?" అని కింద టైలరు నన్ను రోజూ దెప్పుతున్నాడు. రైలు పట్టాల మీద కాలినడక వంతెన సంగతి తొమ్మిది మంది అడిగారు. ఈ సభలో తేలుస్తాడని చెప్పాను. తేల్చు మరి, నా మాట పోనివ్వకు.

పట్టాల అవతల పాత బడి కప్పు పని మొదలైంది. చుట్టూ కర్రలు కట్టి నీలం టార్పాలిన్ పట్టాలు కప్పేశారు. పిల్లల్ని మూడు నెలలు వేరే చోటికి మార్చారు. నాలుగేళ్ళు తిరిగి ఆ నిధులు తెచ్చింది నువ్వేనని అందరికీ తెలుసు. వాన పడితే గొడుగు కింద పాఠం విన్న పిల్లల తల్లులు నిన్ను దీవిస్తున్నారు. ఆ దీవెనల్లో నాకూ కొంత వాటా ఉందని గుర్తుపెట్టుకో, అర్జీలన్నీ రాసింది నేనే.

ఇక వార్డు ఎన్నికల పసుపు కాగితం. "ఏం మారలేదు అక్కా, పోయినసారిదే అచ్చు వేయించు" అన్నావు కదా, అలాగే చేశాను. తేదీ ఒక్కటే మార్చాను. ఏ వీధివాళ్ళు ఎక్కడ ఓటెయ్యాలి, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏం చూపించాలి, నడవలేనివాళ్ళు బండికి ఎవరితో చెప్పాలి, అన్నీ పాతవే. కింద నీ సంతకం, దాని పైన "ఇందులో తప్పుంటే బాధ్యత నాది" అన్న నీ వాక్యం. పట్టాల అవతల నాలుగు వందల పన్నెండు ఇళ్ళలోనూ నిన్నటితో పంచేశాను. మోకాలు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

మొదటిసారి ఈ కాగితం వేసినప్పుడు నేను పెట్టిన షరతు గుర్తుందా? ఎవరికి ఓటెయ్యాలో అందులో ఉండకూడదని. నీకు కూడా అడగకూడదని. అప్పుడు మూతి ముడుచుకున్నావు. ఇప్పుడు చూడు, సర్కారు నోటీసు అర్థంకాక పక్కన పారేసేవాళ్ళు కూడా దీన్ని వంటింటి తలుపు వెనక జిగురు పెట్టి అంటిస్తారు. ఇస్త్రీ పెద్దమ్మ ఇంట్లో అయితే ఆరు ఎన్నికలవి ఒకదాని మీద ఒకటి అట్టలా పేరుకున్నాయి. నేను వెళ్ళగానే బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఏడోది నా కళ్ళెదుటే అంటించింది. "ఓటంటే మీ తమ్ముడి కాగితం చూసుకుని వెళ్ళడమే నాకు" అంది.

ఈసారి మన వార్డు సభ్యుడు, నీ పాత దోస్తు లైన్‌మాన్ మీద పట్టాల అవతల ఆసుపత్రి నర్సమ్మ పోటీ చేస్తోంది. అక్కడివాళ్ళంతా ఆమె వైపే ఉన్నట్టుంది. ఈ విషయంలో నేను మాట్లాడను. వేళకు తిను.

అక్క


శాసనసభ్యుల వసతి గృహం, మూడో అంతస్తు
ఎన్నికకు ఆరు వారాల ముందు

అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఇక్కడ ఊపిరి సలపడం లేదు. ఉదయం సభ, మధ్యాహ్నం కమిటీలు, సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు ఏదో ఒక దస్త్రం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. వంతెన విషయం పైవాళ్ళ పరిశీలనలో ఉంది. అడిగినవాళ్ళకు అదే చెప్పు.

నువ్వు నవ్వుతావని తెలుసు. "పరిశీలనలో ఉంది" అన్న మాట నా నోట్లోంచి కూడా వస్తోందని.

పసుపు కాగితాలు పట్టాల అవతల మొత్తం పంచేశావా? కొన్ని ఇంకా మన గదిలోనే మిగిలాయేమో చూడు. ఉంటే అలాగే ఉంచు, పంచకు. ప్రత్యేకంగా ఏమీ లేదు, ఊరికే అడుగుతున్నాను. ఎన్నికల ఆఫీసు నుంచి నీకేమైనా కాగితం వచ్చిందా?

మోకాలికి ఆ ఎర్ర సీసాలో నూనె రాసుకో. బల్ల దగ్గరకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి నువ్వు నిలబడే అలవాటు మానుకో.

నీ తమ్ముడు


మన ఆఫీసు గది
బుధవారం, ఎన్నికకు నాలుగున్నర వారాల ముందు

తమ్ముడూ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

నిన్న సాయంత్రం పాత బడి మీదుగా వస్తుంటే గట్టిగా గాలి వీచింది. నీలం పట్టా ఒక పక్క లేచింది. దాని వెనక గోడ మీద ఎన్నికల ఆఫీసు నోటీసు కనిపించింది. పని జరుగుతున్నందువల్ల ఈసారి ఓటింగ్ ఈ బడిలో ఉండదట. పట్టాలకు ఇవతల, లైబ్రరీ హాల్లోనట. వాళ్ళు నోటీసు అంటించిన తర్వాత పనివాళ్ళు దానిమీదే పట్టా కప్పేశారు. గాలి రాకపోతే నాకూ తెలిసేది కాదు.

మన కాగితంలో ఏముంది? "పాత బడి." పెద్ద అక్షరాలతో. నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో, తలుపు వెనక, జిగురుతో.

నీకు తెలుసు కదా, ముప్పై ఒక్క ఏళ్ళు బస్‌స్టాండులో టైముల బోర్డు రాశాను. రోడ్డు తెగినా, డ్రైవర్లు రాకపోయినా, పొద్దున్నే వెళ్ళి కనుక్కుని, తుడిచి, మళ్ళీ రాసేదాన్ని. నా బోర్డు చూసి బస్సు తప్పిన మనిషి లేడు. అలాంటిదాన్ని, ఈ కాగితం అచ్చుకిచ్చే ముందు ఎన్నికల ఆఫీసు దాకా నడవలేదు. ఏం మారలేదని నువ్వంటే నమ్మాను. బడికి కర్రలు కట్టడం నా కళ్ళతో చూశాను, తల్లుల దీవెనలు విన్నాను, నీకు రాశాను కూడా. కప్పు విప్పిన బడిలో ఓట్లెలా వేస్తారని నా బుర్రకు తట్టలేదు. రాత్రంతా అదే తొలుస్తోంది.

లైబ్రరీకి అక్కడి నుంచి ఇరవై ఐదు నిమిషాల నడక. మధ్యలో రైలు గేటు. గేటు పడితే ఇంకో పావుగంట. పని దిగి ఐదున్నరకు బడికి వచ్చినవాళ్ళు అక్కడ తాళం చూసి ఏం చేస్తారు? ఇంటికి పోతారు.

ఏం చెయ్యమంటావు? వెంటనే రాయి.

అక్క


వసతి గృహం
ఎన్నికకు నాలుగు వారాల ముందు

అక్కా,

నువ్వు కంగారు పడకు. నీ తప్పు ఏమీ లేదు. ఎన్నికల ఆఫీసువాళ్ళు మనకు ఆలస్యంగా చెప్పారు. ఎవరైనా అడిగితే అదే చెప్పు.

మళ్ళీ కొత్త కాగితం వద్దు. రెండు పసుపు కాగితాలుంటే ఏది సరైనదో తెలియక జనం ఇంకా గందరగోళంలో పడతారు. వాళ్ళ నోటీసులు పోస్టులో ఎలాగూ ఇంటింటికీ వెళ్తాయి. అవి చాలు. ఈ సంగతి పెద్దది చెయ్యకు, దోస్తు ప్రచారానికి కూడా ఇబ్బంది.

వంతెన దస్త్రం కమిటీకి వచ్చింది. తేదీ ఇంకా ఇవ్వలేదు.

నీ తమ్ముడు


టైలరు దుకాణం పైన
ఎన్నికకు రెండున్నర వారాల ముందు

గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి,

నమస్కారం. తమరి కార్యాలయంలో జీతం లేకుండా పనిచేస్తున్న ఒక మనిషి తమకు తెలియజేసుకునేది.

తమరు వద్దన్నా నేను ఎర్ర పెన్సిలు, సంచిలో నీళ్ళ సీసా పెట్టుకుని బయల్దేరాను. కొత్త కాగితం ఇస్తే గందరగోళమన్న మాట ఒప్పుకున్నాను. అందుకని ప్రతి ఇంటికీ వెళ్ళి, వంటింట్లోకి రానివ్వమని అడిగి, తలుపు మూసి, దాని వెనక ఉన్న కాగితం మీద "పాత బడి" కొట్టేసి "లైబ్రరీ హాలు" అని నా చేత్తో రాశాను. వాళ్ళు పొయ్యి మీద గిన్నె దించి నాకు దారి ఇచ్చారు. ఎందుకు మారిందమ్మా అని అడిగినవాళ్ళకు, ఎన్నికల ఆఫీసువాళ్ళు ఆలస్యంగా చెప్పారని, తమరు నేర్పిన మాటే అప్పజెప్పాను. అలా అరవై ఇళ్ళు.

మొన్న ఎన్నికల ఆఫీసు గుమాస్తా మన మెట్లెక్కి వచ్చాడు. రిటైరవడానికి ఆర్నెల్లున్న మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "అమ్మా, మేం ఆలస్యం చేశామని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారట" అన్నాడు. సంచిలోంచి అందజేత పుస్తకం తీసి నా ముందు తెరిచాడు. లైబ్రరీ హాలుకు మార్పు, శాసనసభ్యులకు కాపీ. అందిన తేదీ మూడు. పక్కన సంతకం. నేను పసుపు కాగితం అచ్చుకిచ్చింది పదో తేదీన.

ఆ సంతకం నాకు కొత్త కాదు. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే.

అతను ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. పుస్తకం మూసి, "నా పేరు పోయినా పరవాలేదమ్మా, అక్కడివాళ్ళ ఓటు పోకుండా చూడండి" అని దిగి వెళ్ళిపోయాడు. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది.

కాగితాలు మిగిలాయా అని మొదటి ఉత్తరంలో ఎందుకడిగారో ఇప్పుడు అర్థమైంది. అప్పటికే తమకు తెలుసు. నేను ఏడుస్తూ రాసినప్పుడూ తెలుసు. తప్పు నాదేనని నేను కుమిలిపోతుంటే, "నీ తప్పు లేదు" అని ఎంతో దయగా రాశారు.

రేపటి నుంచి ఆ అరవై ఇళ్ళకూ మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి నిజం చెప్పడానికి. తర్వాత మిగిలినవి. ఎన్నిక అయ్యాక ఈ గది తాళంచెవి టైలరు దగ్గర ఉంటుంది, తీసుకోగలరు.

ఇట్లు,
తమరి కార్యాలయ సహాయకురాలు


వసతి గృహం
ఎన్నికకు రెండు వారాల ముందు

అక్కా,

నన్ను కొట్టు, తిట్టు, కానీ "గారు" అనకు. ఆ ఉత్తరం చదివి ఈ గదిలో ఎటు తిరిగినా నీ ముఖమే కనిపిస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక నీ ఇష్టం.

మూడో తేదీన బంట్రోతు ఒక కట్ట తెచ్చాడు, నలభై కవర్ల దాకా. నిలబడే సంతకాలు పెట్టాను. కట్ట విప్పకుండానే సంచిలో పడేశాను. ఇంతవరకూ ఒట్టి నిర్లక్ష్యం. నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడు వంతెన దస్త్రం వెతుకుతుంటే ఆ కవరు చేతికొచ్చింది. చదివాను. మన కాగితం తప్పని ఆ క్షణంలోనే తెలిసింది. వెంటనే నీకు ఫోన్ చెయ్యాలని చెయ్యి కూడా వెళ్ళింది.

చెయ్యలేదు. ఎందుకో చెబుతాను. మా దోస్తు పోయినసారి వార్డులో గెలిచింది చాలా కొద్ది ఓట్లతో. పట్టాల అవతల ఓటింగ్ తగ్గితే నష్టం నర్సమ్మకేగానీ వాడికి కాదన్న లెక్క నా బుర్రలో తిరిగింది. నేను పిలవలేదక్కా, దానంతటదే వచ్చింది. కానీ పొమ్మనలేదు. దాన్ని అలాగే కూర్చోనిచ్చి, "సర్కారు నోటీసు వెళ్తుందిలే" అని పైన గుడ్డ కప్పాను. కావాలని చెయ్యలేదని నీతో ప్రమాణం చెయ్యగలను. కానీ దిద్దకపోతే ఎవరికి లాభమో తెలిసి కూడా దిద్దలేదు. ఈ రెంటికీ తేడా ఎంతో నాకు తెలియడం లేదు. ఉందనుకుని మూడు వారాలు నిద్రపోయాను.

నీ మీదకు తప్పు పోతున్నా ఊరుకున్నానే, అది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన లాంతరుకు నువ్వు దెబ్బలు తిన్నావు. అప్పుడూ మంచం కిందే ఉన్నాను.

గుమాస్తా గారికి క్షమాపణ ఉత్తరం వేరే కవర్లో పెట్టాను, చదివి ఇవ్వు. ఆ మార్పు నోటీసు మూడో తేదీనే నాకు అందిందని నా సంతకంతో రాశాను. దాన్ని ఆయన తన ఆఫీసు గోడకు అంటించుకున్నా సరే. దోస్తుకు ఫోన్ చేసి చెప్పాను. మధ్యలోనే పెట్టేశాడు.

ఇంకేం చెయ్యాలో చెప్పు. నువ్వేం చెప్తే అది చేస్తాను.

తమ్ముడు


మన గది
ఎన్నికకు ఎనిమిది రోజుల ముందు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. క్షమించానో లేదో నాకే తెలియదు, అడగకు. నిజం రాశావు, అంతవరకు తీసుకున్నాను.

గుమాస్తా నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడకు అంటించలేదు. "ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపిస్తాను" అన్నాడు.

మూడు వందల ముప్పై తొమ్మిది ఇళ్ళలో కాగితం దిద్దాను. డెబ్బై మూడు ఇళ్ళు ఎన్నిసార్లు వెళ్ళినా తాళం. ప్యాకింగ్ షెడ్లకు వలస వెళ్ళినవాళ్ళు కొందరు, సరిగ్గా ఎన్నిక రోజుకే వస్తారు. ఇస్త్రీ పెద్దమ్మ కూతురి కాన్పుకని వెళ్ళిందట. తలుపుకు కాగితం దోపితే గాలికి పోతోంది. వీళ్ళంతా బస్సు దిగి, ఇంటి తలుపు తీసి, వంటింటి తలుపు వెనక చూసుకుని, నేరుగా పాత బడికి వెళ్తారు. గేటుకు బోర్డు కట్టిస్తానని గుమాస్తా అన్నాడు. కానీ వాళ్ళు బోర్డును నమ్మరు. నీ కాగితాన్ని నమ్ముతారు. మా కాగితంలో ఇక్కడే అని ఉంది కదా అని గేటు తీసేదాకా కూర్చుంటారు.

అందుకని ఆ కాగితం కింద సంతకం చేసినవాడే గేటు దగ్గర నిలబడాలి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎవరికి ఓటెయ్యాలో ఒక్క మాట అనకూడదు. లైబ్రరీ ఎటో చూపించాలి, తప్పు నాదని చెప్పాలి. నేను లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను. నువ్వు పంపినవాళ్ళ చేతికి ఒక చీటీ ఇవ్వు, చేరారో లేదో నేను చూసుకుంటాను. కూరగాయల వ్యాను ఆయన నడవలేనివాళ్ళను తిప్పుతానన్నాడు.

వంతెన కమిటీ కూడా ఆ రోజే పెట్టారని పేపర్లో చూశాను. నువ్వు లేకపోతే వాయిదా పడుతుందని కూడా తెలుసు. తేల్చుకోవాల్సింది నువ్వే. రమ్మని బతిమాలను.

అక్క


పాత బడి గేటు, ఎన్నిక రోజు ఉదయం 7.10

అక్కా, వచ్చాను. మొదటి బస్సు దొరికింది. గేటుకు తాళం, గుమాస్తా కట్టించిన బోర్డు, పక్కన నేను. షెడ్డు వాళ్ళు ఐదుగురు వస్తున్నారు. చీటీ ఎర్ర చొక్కా ఆయనకు ఇచ్చాను. చేరగానే కబురు చెయ్యి.


లైబ్రరీ మెట్లు, 7.50

ఐదుగురూ చేరారు, వేశారు. ఈ చీటీ తిరిగి వెళ్తున్న ఎర్ర చొక్కాకే ఇచ్చాను. టీ తాగావా? కోపం పోయి అడుగుతున్నాననుకోకు, ఎండలో పడిపోతే మళ్ళీ నేనే మోయాలి.


పాత బడి గేటు, 10.30

తాగాను. ఇప్పటికి నలభై మందిని పంపాను. ఒక పెద్దాయన అందరి ముందూ కడిగేశాడు. "బడి కప్పు బాగుచేసి మా ఓటుకు చిల్లు పెట్టావయ్యా" అన్నాడు. నిజమేనండీ అన్నాను. దానికాయన ఇంకా తిట్టబోయి ఆగిపోయి, లైబ్రరీ ఎటు అని అడిగాడు. నడుం నొప్పట, వ్యాను ఎక్కించాను.


లైబ్రరీ మెట్లు, 12.15

పెద్దాయన నన్నూ తిట్టాడు, తర్వాత ఓటేశాడు. నీ దోస్తు కారులో ఇటుగా వెళ్ళాడు, నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నీకు అన్నం పంపాను, వ్యాను సీటు కింద ఉంది.


పాత బడి గేటు, 2.40

నర్సమ్మ వచ్చింది. నన్ను చూసి ఆగి, "ఇక్కడేం చేస్తున్నారు సార్?" అంది. దారి తప్పుగా చెప్పాను, ఇప్పుడు సరిగా చెబుతున్నానన్నాను. "మీ తప్పు సంగతి మాకు ముందే తెలిసింది. మీరు రారని పందెం కాశారు మావాళ్ళు" అంది. తన గొడుగు నా చేతిలో పెట్టి వెళ్ళింది. పూల గొడుగు. నవ్వకు.


లైబ్రరీ మెట్లు, 4.30

నవ్వాను. నా లెక్క ప్రకారం తాళం ఇళ్ళలో డెబ్బై రెండింటి వాళ్ళు వచ్చేశారు. ఒక్క ఇస్త్రీ పెద్దమ్మే మిగిలింది. చూస్తూ ఉండు.


పాత బడి గేటు, 5.25

అక్కా, ఇస్త్రీ పెద్దమ్మ వస్తోంది. ఇప్పుడే బస్సు దిగింది. వ్యాను ఇంకా తిరిగి రాలేదు, ఆగమంటే ఆగనంటోంది. ఆరు దాకా నేను గేటు వదిలి రాలేను, ఇంకెవరైనా వస్తారేమో. ఈమెకు తప్పు చెప్పింది నేనే. ఎలాగైనా ఆరు లోపల చేర్చుకో.


మన ఆఫీసు గది
ఎన్నిక అయిన పదో రోజు

తమ్ముడూ,

ఆ సాయంత్రం నువ్వు ఏడింటి బస్సుకు వెళ్ళిపోయావు, మెట్ల దగ్గర మనం సరిగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ఫలితం నీకు తెలిసే ఉంటుంది. నర్సమ్మ రెండు వందల ఎనభై ఓట్ల తేడాతో గెలిచింది. ఆమె గెలిచింది కనుక నీ పాపం కొట్టుకుపోయిందని అనుకోకు. ఓడిపోయి ఉంటే మాత్రం మనిద్దరం ఆ పేటలో తలెత్తుకుని నడిచేవాళ్ళం కాదు. దోస్తు నిన్న బల్ల దగ్గరకు వచ్చి, టీ తాగి వెళ్ళాడు. మెత్తబడతాడులే. వంతెన వచ్చే సభకు పోయిందని శనివారం వచ్చినవాళ్ళకు చెప్పాను, ఎందుకు పోయిందో కూడా చెప్పాను. ఇద్దరు సణిగారు. ఒకామె, "పోన్లే, మనిషైతే వచ్చాడు" అంది.

నువ్వు చీటీలో అడిగిన పని నేను చెయ్యలేకపోయాను. చీటీ పెద్దమ్మ చేతిలోనే ఉంటే ఆమె వస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది? ఇద్దరికీ ఆ తొందరలో తోచలేదు. ఆమె ఐదూ నలభైకి రైలు గేటు దగ్గరకు చేరిందట. గూడ్సు బండి అడ్డంగా ఆగిపోయింది. పద్దెనిమిది నిమిషాలు. కింద నుంచి దూరడానికి నడుము వంగదు, పైనుంచి వెళ్ళడానికి వంతెన లేదు. ఆరూ పదికి లైబ్రరీ మెట్ల దగ్గరకు వచ్చింది. తలుపు మూసేశారు. గుమాస్తా బయటికి వచ్చి చేతులు జోడించాడు, నిబంధన అది, అతనేం చేస్తాడు? ఆమె గుప్పిట విప్పి చెమటకు తడిసిన నీ చీటీ నాకిచ్చింది. నేను చదివాను. ఇంటికి దిగబెడుతుంటే వ్యానులో తిరిగి అడిగి తీసుకుంది.

ఆమె వెళ్ళాక బడి గేటు దగ్గరకు ఇంకెవరూ రాలేదని నువ్వు అన్నావు. "తోడు వెళ్ళి ఉంటే పోయేది" అన్నావు. వెళ్ళినా గూడ్సు బండి ఆగేదే. అయినా ఆ మాట నిన్ను వదలదని తెలుసు, నన్నూ వదలడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా బోర్డు చూసి బస్సు తప్పినవాళ్ళు లేరని ఇక చెప్పుకోను. ఇప్పుడు ఒకరున్నారు.

నిన్న ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఎన్నిక అయిపోయాక దిద్దడం దేనికని నాకే నవ్వొచ్చింది, కానీ ఆ ఒక్క ఇల్లు వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. చీరలు ఇస్త్రీ చేస్తోంది. "వచ్చావా, లోపలికి రా" అంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు మూసి చూశాను. ఏడో కాగితం మీద, సరిగ్గా "పాత బడి" అన్న అక్షరాలు కనబడకుండా, నీ చీటీ అంటించి ఉంది.

"ఇదెందుకు పెద్దమ్మా ఇక్కడ?" అన్నాను.

"మీ తమ్ముడు ఇన్నేళ్ళలో నాకోసం సొంత చేత్తో రాసింది ఇదొక్కటేగా" అంది. "అచ్చు కాగితంలో తప్పుంటే బాధ్యత నాది అని ఊరికే వేస్తారనుకున్నాను. ఎవరైనా అలాగే వేస్తారు. గేటు దగ్గర నిలబడి చెబుతాడనుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది. నీ ఓటు పోయింది కదా పెద్దమ్మా, కోపం రాలేదా అన్నాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా వైపు చూసింది. "రాకేం? వచ్చింది. ఇంకా ఉంది. మళ్ళీ ఎన్నికలొస్తే కాగితం నువ్వు తేవద్దు, అతన్నే తెమ్మను. ఈ చీటీ మీదే అంటించాలి. అంటించే ముందు నా ఎదురుగా ఇది పైకి చదవాలి. చదివాకే జిగురిస్తాను" అంది.

వస్తావని ఆమెకు మాటిచ్చాను. గది తాళంచెవి టైలరు దగ్గర నుంచి తిరిగి తెచ్చుకున్నాను. మన వీధి దీపం ఇంకా వెలగడం లేదు, వచ్చినప్పుడు నిచ్చెన సంగతి కూడా చూడు.

నీ అక్క